ఓడిన ఓట్లు పెరుగన్నం తింటాయి

గుట్టపాడు మున్సిపాలిటీలో ఓడిపోయిన అభ్యర్థికి పడిన ఓట్లు లెక్కింపు పూర్తయిన సాయంత్రమే ఎవరి ఓటు వారింటికి నడిచి వచ్చేస్తాయి. అందుకే ఫాల్గుణంలో విమోచనకు నరహరితో పెళ్లయి కాపురానికి వచ్చినప్పుడు ట్రాలీ ఆటోలో బీరువా, మిక్సీ, రెండు పరుపులతో పాటు ఆరు ఓట్లు కూడా దిగాయి. పద్దెనిమిదేళ్లు నిండినప్పటి నుంచి ఆమె ఆరుసార్లు ఓటు వేసింది. ఆరూ తిరిగి వచ్చాయి.

ఓటు మోకాలెత్తు ఉంటుంది. కొత్త నోటుపుస్తకం వాసన వేస్తుంది. నొసట సిరా చుక్క ఉంటుంది. మాట్లాడదు. రోజుకు రెండు ముద్దల పెరుగన్నం తింటుంది, ఊరగాయ పడదు. ఎవరి ఓటును వారు జీవితాంతం ఉంచుకోవాలని నిబంధన. నరహరి ఇంట్లో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు. కరెంటు ఆఫీసులో అతని సీటు పక్కనే కూర్చునే హెడ్ క్లర్కుకు ఎవరు గెలుస్తారో ముందే తెలుస్తుంది. నరహరి వారికే వేసేవాడు. గెలిచిన ఓటు ఇంటికి రాదు. అది ఎక్కడికి పోతుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. విమోచన ఓట్లు ఆరూ వరుసగా మెట్లెక్కి వచ్చి కొత్త కుటుంబానికి నమస్కారం పెట్టినట్టు తలలు వంచినప్పుడు, ఆ చుక్కలు చూసి అతను ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఇల్లు సుగుణమ్మగారిది. మేడ మీద ఒక గది, వంట చేసుకోవడానికి అరగది. ఇద్దరూ ఒకేసారి వంటింట్లో నిలబడితే మోచేతులు తగులుతాయి, కాబట్టి ఇద్దరూ ఒకేసారి నిలబడేవారు. పొద్దున ఏడున్నరకు తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చి బియ్యం డబ్బా మూత మీద పడుతుంది. టీ గ్లాసులు అక్కడ పెట్టుకుని తాగితే రోజు బాగుంటుందని ఇద్దరూ కనిపెట్టారు. ఊళ్లో అలాంటి కిటికీ మరొకటి దొరుకుతుందన్న ఆశ వారికి లేదు. అయితే అద్దె కాగితంలో స్పష్టంగా రాసి ఉంది: ఇద్దరు మనుషులు, ఆరు ఓట్లు. ఏడోది వస్తే ఖాళీ చేయాలి.

పద్నాలుగో వార్డుకు ఎన్నిక రెండు నెలల్లో ఉంది. ఈసారి భార్య ఎవరికి వేస్తే తనూ వారికే వేస్తానని నరహరి పెళ్లయిన మూడో రోజే మాటిచ్చాడు. అంటే వచ్చేది ఏడోది ఒక్కటే కాదు, ఎనిమిదోది కూడా.

వార్డులో ప్రతిసారీ జరిగేది ఒకటే. వెయ్యి మంది ఓటు వేస్తే రైసుమిల్లు వెంకటప్పయ్యకు మూడు వందల పది పడతాయి, ఆయన గెలుస్తాడు. మిగిలిన ఆరు వందల తొంభై ఓట్లూ నాలుగు సోషలిస్టు పార్టీలకు పడి, సాయంత్రానికి వీధుల వెంట ఇళ్లకు బయలుదేరతాయి. జనం గుమ్మాల్లో మంచినీళ్ల బిందెలు పెడతారు. నాలుగు పార్టీలవీ ఎర్రజెండాలే. ఒకదాని మీద నక్షత్రం నడుమ ఉంటుంది, ఒకదాని మీద మూలన ఉంటుంది, ఒకదాని మీద ఉండదు. నాలుగోదాని మీద నక్షత్రం ఉండాలా వద్దా అన్నది ఇరవై రెండేళ్లుగా చర్చలో ఉన్నందున ఆ చోటు ఖాళీగా వదిలారు.

విమోచన నాలుగు పార్టీల వాళ్లనూ గ్రంథాలయంలో కూర్చోబెట్టింది. నలుగురు నిలబడకుండా ఒక్కరే నిలబడాలని, ఆ ఒక్కరిని న్యాయమైన పద్ధతిలో ఎంచుకోవాలని ఆమె అంటే వచ్చిన ముప్పై మందీ చప్పట్లు కొట్టారు. ఇక మిగిలింది ఏది న్యాయమైన పద్ధతి అన్నదే. ఎవరికెంత మంది సభ్యులుంటే వారికంత వాటా ఇవ్వాలని కొందరన్నారు. రెండు విడతలుగా ఓటింగు పెట్టాలని కొందరన్నారు. ఒకటి, రెండు, మూడు అని ఇష్టాలు వరుసగా రాయాలని, మొదటివారు నిలవకపోతే ఓటు రెండోవారికి చేరాలని విమోచన అంది. ఇంకొందరు పాత పద్ధతే ఉండనివ్వమన్నారు. ఇన్నేళ్లూ ఓడింది ఆ పద్ధతిలోనే కాబట్టి అందులో మనకు అనుభవం ఉందని వారి వాదన.

నాలుగు గంటల చర్చ తర్వాత ఏ పద్ధతి కావాలో చేతులెత్తమన్నారు. పాత పద్ధతికి తొమ్మిది, వరుస ఇష్టాలకు ఎనిమిది, వాటాకు ఏడు, రెండు విడతలకు ఆరు వచ్చాయి. పాత పద్ధతి నెగ్గింది. దాన్ని మార్చాలన్న ఇరవై ఒక్క మంది తమ చిన్న చిన్న ఓట్లను జేబుల్లో పెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. చేయెత్తి వేసిన ఓటు బొటనవేలంతే ఉంటుంది.

సుగుణమ్మగారు కళ్లజోడు పెట్టుకుని, స్కేలు తెచ్చి విమోచన జేబులో వచ్చినదాన్ని కొలిచింది. జానెడు కన్నా పొట్టివి అర ఓటు కిందికి వస్తాయని మున్సిపాలిటీ సర్క్యులర్. ఆమె చెడ్డది కాదు, కాగితానికి కట్టుబడిన మనిషి.

“ఆరున్నర అయిందమ్మాయ్,” అంది. “ఎన్నికల దాకా ఉండండి. ఆ పొద్దు ఇంకొకటి మెట్లెక్కిందా, మీరు మెట్లు దిగుడే.”

నోటీసు తలుపుకు అంటించి, బొటనవేలి ఓటుకు ఒక మరమరాల గింజ ఇచ్చి వెళ్లింది.

తర్వాతి సోమవారం పొద్దున నరహరి నోట్లో బ్రష్షుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఓట్లను చూస్తున్నాడు. ఆఫీసుకు వేళవుతోంది, అయినా కదలలేదు. ఎండ పడిన బియ్యం డబ్బా మూత మీద కూర్చోవాలని ఆరింటికీ ఉంటుంది. అక్కడ రెండింటికే చోటు. మిగిలిన నాలుగూ గొడవ పడలేదు, అలగలేదు, వేరే డబ్బా స్థాపించలేదు. రెండు కిటికీ గట్టు మీదికి వెళ్లాయి. అక్కడ నిండాక మిగిలిన రెండూ బోర్లించిన బిందె ఎక్కి కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నాయి. ఏ ఒక్కటీ నిలబడి లేదు.

నరహరి నురగతోనే భార్యను పిలిచాడు. “విమోచనా, వీటికి ఒకటి దొరక్కపోతే రెండోది ఉంది. నువ్వు చెప్పింది వీటికి ముందే తెలుసు.”

ఆమె చూసింది. అతని నోటి పక్కనున్న నురగ తుడిచింది. ఆ పొద్దున టీ రెండుసార్లు తాగారు.

ఆదివారం సభ్యులంతా ఇంటి నుంచి తలా ఒక పాత ఓటును వెంటబెట్టుకుని గ్రంథాలయానికి రావాలని ఆమె కబురు పంపింది. వచ్చారు. నాలుగు కుర్చీలు వేసి, ఒక్కోదానికి ఒక్కో జెండా కట్టి, ఆ పార్టీ అభ్యర్థి ఫొటో ఆనించింది. ఓట్లకు ఓటు హక్కు ఉందా అని ఒకాయన లేచి అడిగాడు. ఆ ప్రశ్నను ఉపసంఘానికి పంపి పని మొదలుపెట్టారు. ముప్పై ఓట్లూ తమకు నచ్చిన కుర్చీల దగ్గరికి వెళ్లి చుట్టూ చేరాయి. అందరికన్నా తక్కువ, నాలుగే, ముత్తయ్య కుర్చీ దగ్గర నిలిచాయి. ఖాళీ చోటు జెండా ఆయనదే. డెబ్బై ఏళ్ల మనిషి, బీడీ కార్మికుల సంఘాన్ని ఇంటింటికీ తిరిగి కట్టినవాడు. విమోచన ఆయన్ను పుట్టినప్పటి నుంచి బాబాయ్ అంటుంది. ఇప్పుడు ఆయన కుర్చీనే తీసేయాలి. ఆమె చేయి దాని మీద ఆగిపోయింది.

“తియ్యి బిడ్డా,” అన్నాడు ముత్తయ్య.

తీసింది. నాలుగు ఓట్లూ ఒక్క క్షణం ఆయన వైపు చూశాయి. తర్వాత మూడు, నడిమి నక్షత్రం జెండా కట్టిన జాన్‌బీ కుర్చీ వైపు, ఒకటి మరో కుర్చీ వైపు నడిచాయి. ముందు రెండో స్థానంలో ఉన్న జాన్‌బీ మొదటి స్థానానికి వచ్చింది. గదిలో అందరూ ముత్తయ్య ముఖం చూస్తున్నారు. ఇలాంటి సమయంలో ఆయన లేచి బయటికి వెళ్లడం, బయట ఇంకో పార్టీ పుట్టడం ఆనవాయితీ. ఆయన లేచాడు. పంచె సర్దుకున్నాడు.

“నలభై ఏండ్ల నుంచి నా ఓటు పోయింది, పోయింది అనుకుంటున్న,” అన్నాడు. “పోలేదు బిడ్డా. నడిచింది.”

మళ్లీ కూర్చున్నాడు, కిందనే, ఓట్ల మధ్య. ఇంకో కుర్చీ తీశాక జాన్‌బీ దగ్గర పద్దెనిమిది ఓట్లు చేరాయి. ఆమె పొద్దున వీధులూడ్చి, మధ్యాహ్నం సంఘం ఆఫీసు తెరిచే మనిషి. ఈ పద్ధతిని ఆమోదించడానికి ఓటింగు పెట్టలేదు. పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

ఎన్నికలో జాన్‌బీకి ఆరు వందల నలభై, వెంకటప్పయ్యకు ఎప్పటిలాగే మూడు వందల పది పడ్డాయి. ఆ సాయంత్రం మిల్లు వీధిలోకి, ఎన్నడూ ఓటు మొహం చూడని ఇళ్లలోకి, మూడు వందల పది ఓట్లు నడిచి వెళ్లాయి. కొందరు దొంగలనుకుని తలుపులు వేసుకున్నారు. విమోచన, నరహరి మెట్ల పైన కూర్చుని చూస్తున్నారు. ఒక ఓటు వీధి మలుపు తిరిగి వీరి గేటు తీసింది. నరహరి ఆమె చేయి పట్టుకున్నాడు. ఓటు మెట్ల దాకా వచ్చి, ఆలోచించి, పక్కకు తిరిగి కింది వాటా తలుపు కొట్టింది.

కాసేపటికి సుగుణమ్మగారు పైకి వచ్చింది. మెట్లెక్కినందుకు ఆయాసపడుతోంది. ఆమె కొంగు పట్టుకుని ఓటు వెనకాలే ఉంది.

“అమ్మాయ్,” అంది మెల్లగా, “ఇది ఏం తింటది?”

విమోచన పెరుగన్నం గిన్నె ఇచ్చి, ఊరగాయ వద్దని చెప్పింది. మర్నాటికి తలుపు మీద నోటీసు లేదు. సుగుణమ్మగారు దాన్ని మడిచి ఉయ్యాల బల్ల మీద, తన ఓటు మజ్జిగ గ్లాసు కింద వేసింది.

ఇల్లు నిలిచింది. ఎండ ఏడున్నరకు వచ్చింది. అయినా నరహరి రెండు రోజులు మెట్ల వైపే చూశాడు. జీవితంలో మొదటిసారి అతను ఇష్టపడి వేసిన ఓటు. అది ఎలా ఉంటుందో, చుక్క ఏ పక్కకు ఉంటుందో చూడాలని ఉంది. మూడో రోజు మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగాడు. గెలిచిన ఓట్లు పై గదిలో ఉంటాయని, ఐదేళ్లూ అక్కడే ఉంటాయని గుమాస్తా చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడికి పోతాయో రిజిస్టర్లో గడి లేదు. ఒకసారి చూడొచ్చా అని నరహరి అడిగితే గుమాస్తా పెన్ను కింద పెట్టాడు.

“గెలిచినాక చూసేదేముంటది సార్? ఇన్నేండ్లల్ల ఎవరూ అడగలే.”

జాన్‌బీ కౌన్సిల్లో మొదటి తీర్మానంగా ఆ గది తలుపు తెరవాలని పెట్టింది. ముప్పై మంది కౌన్సిలర్లలో ఆమె ఒక్కతే చేయెత్తింది. బొటనవేలంత ఓటును చీర చెంగులో ముడేసుకుని ఇంటికి వచ్చింది. వచ్చే నెల మళ్లీ పెడతానంది.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు విమోచన, నరహరి మున్సిపల్ ఆఫీసు వెనక వీధికి వెళతారు. పై గది కిటికీ అటువైపే ఉంది. మొదటివారం వారిద్దరే వెళ్లారు. తర్వాత ముత్తయ్య వచ్చాడు. తర్వాత వార్డులో సగం మంది వచ్చారు. ఇప్పుడు అక్కడ పల్లీల బండి కూడా ఉంది. నాలుగు జెండాల వాళ్లూ ఒకే పొట్లంలోంచి తింటారు. కిటికీ అద్దం మసకగా ఉంటుంది. వెనక తెల్లగా, గుంపుగా ఏవో కదులుతాయి. అప్పుడప్పుడు ఒకటి చేయి ఊపినట్టు అనిపిస్తుంది.

ఏది తనదో నరహరికి తెలియదు. అందుకని అన్నిటికీ ఊపుతాడు.

“ఐదేళ్లే కదా,” అంటుంది విమోచన, అతని అరచేతిలో పల్లీలు పోస్తూ.

అవునంటాడు. ఇంటికి వచ్చి ఇద్దరూ వంటింట్లో మోచేతులు తగిలేలా నిలబడి పెరుగన్నం కలుపుతారు. ఆరు గిన్నెలు, బొటనవేలి ఓటుకు ఒక చిన్న మూత పెట్టి, ఆ పక్కన అలవాటుగా ఇంకో రెండు పెడతారు.