బోడికొండ కింద ఫ్రెంచి క్లాసు

ఒక పెద్ద అడవి, గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతలగా ఉండేది. పెద్దదంటే ఒక సభ, సభకో అధ్యక్షుడు, అధ్యక్షుడికో కార్యదర్శి, కార్యదర్శి కింద నాలుగు ఉపసంఘాలు పట్టేంత పెద్దది.

అడవి నడుమ ఒక మడుగు. దాని ఒడ్డున జమ్ముగడ్డిలో ముత్యాలు అనే నీటికోడి గూడు కట్టుకుంది. గూట్లో అయిదు గుడ్లు. మొగుడు పక్క కాలువలో మేత బాగుందని విని చూసొస్తానని వెళ్ళాడు. మేత నిజంగానే బాగున్నట్టుంది, తిరిగి రాలేదు. అందుకని ముత్యాలు గుడ్ల మీంచి లేచేది తక్కువ, లేచినా చూపు గూటి మీదే.

ఒకరోజు పొద్దున కార్యదర్శి ఉడుము గారు ఒడ్డుకి వచ్చి ఉత్తర్వు చదివారు. ఏటా కార్తీకంలో పరదేశం నుంచి కొంగలు వస్తాయి. కిందటేడు వాళ్ళు ఏదో చెప్తే మనవైపు నుంచి ఒక్కరూ జవాబు చెప్పలేదు. అడవి పరువు పోయింది. కనక ఇకమీదట మడుగు ఒడ్డున ఉండాలంటే ఫ్రెంచి భాషలో పరీక్ష పాసవ్వాలి. తప్పినవాళ్ళు అతిథులు దిగే రోజుకి ఒడ్డు ఖాళీ చేసి బోడికొండ కిందకి పోవాలి.

ముత్యాలు గుడ్లకేసి చూసుకుంది. గుడ్లని మోసుకుపోవడం ఏ కోడి వల్ల అవుతుంది?

"ఫ్రెంచే ఎందుకండీ?" అని అడిగింది.

"విదేశీ భాష అంటే అదే కదమ్మా."

"ఆ కొంగలు మాట్లాడేది అదేనంటారా?"

"మనకి అర్థం కాలేదు. ఫ్రెంచీ మనకి అర్థం కాదు. ఇంకేం రుజువు కావాలి?" అన్నారు ఉడుము గారు.

"పరీక్ష ఎవరు పెడతారండీ?"

"నేనే."

"మీకు వచ్చాండీ?"

"అది ఉత్తర్వులో లేని విషయం," అని ఆయన కాగితం మడిచేశారు.

ఉత్తర్వులో లేని విషయం ఇంకోటి కూడా ఉంది. ఉడుము గారికి ఏడుగురు బావమరుదులు. ఏడుగురూ బోడికొండ బండల్లో ఎండకి మాడుతూ, ఒడ్డున చల్లని బొరియ ఒక్కటైనా ఇప్పించలేవా బావా అని ఆయన్ని రోజూ పీక్కు తింటున్నారు.

ఒడ్డున ఉండేవాళ్ళలో ఫ్రెంచి తెలిసినవాడు ఒక్కడే, పరాసు చిలక. ఫ్రెంచి వాళ్ళని ఆ తీరంలో పాతతరం పరాసులనేది. ఈ చిలక యానాంలో ఒక ముసలి దంపతుల వసారాలో పన్నెండేళ్ళు పంజరంలో ఉండి, వాళ్ళు పోయాక ఇలా వచ్చి కానుగచెట్టు మీద స్థిరపడ్డాడు. ముత్యాలు కబురు పెడితే వెంటనే వచ్చాడు.

"నేర్పిస్తానమ్మా. కాకపోతే ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ అనుకున్నవే నాకు వచ్చు. వాళ్ళు పెద్దగా ఏమీ అనుకునేవాళ్ళు కాదు."

ముత్యాలు గుడ్లు వదిలి రాలేదు కనక క్లాసే ఆమె దగ్గరికి వచ్చింది. తాబేలు కూర్మయ్య తాత వచ్చాడు. కోతి గవరయ్య వచ్చి జమ్ము పక్క తుమ్మకొమ్మ మీద కూర్చున్నాడు. మొదటిరోజు పలకరింపులు. బోఁజూర్ అంటే నమస్కారం. మెర్సి అంటే చాలా సంతోషం. సిల్ వూ ప్లే అంటే దయచేసి.

"ఎవరైనా ఎదురుపడితే కొమాఁ సా వా అనాలి," అన్నాడు చిలక. "క్లుప్తంగా సా వా అన్నా చాలు."

గవరయ్య వెంటనే తాబేలు వైపు తిరిగి, "తాతా, సా వా?" అన్నాడు.

"నాకింకా నూరేళ్ళు టైముందిరా," అన్నాడు కూర్మయ్య తాత మెడ లోపలికి లాక్కుంటూ.

"చావమని కాదు తాతా, బాగున్నావా అని," అని చిలక సర్దిచెప్పాడు. "జవాబు కూడా అదే. సా వా."

"ప్రశ్నా అదే, జవాబూ అదేనా? అయితే పరీక్ష మరీ కష్టం కాదన్నమాట," అన్నాడు తాత, మెడ కాస్త బయటపెట్టి.

రెండోరోజు నుంచి వాక్యాలు. లా సూప్ ఎ ఫ్రువాద్, చారు చల్లారిపోయింది. ఊ సోఁ మే ల్యునెత్, నా కళ్ళద్దాలు ఎక్కడ? ఫెర్మే లా పోర్త్, తలుపు వెయ్యి. ఆ ముసలాయన పన్నెండేళ్ళూ ఈ మూడు మాటలతోనే కాపురం చేశాడట.

"తలుపంటే ఏంటి?" అన్నాడు తాత.

"గోడకి ఉంటుంది. తీస్తే లోపలికి రావచ్చు, వేస్తే రాకూడదు."

"గోడంటే?"

"తాతా, మీరు బట్టీ పట్టేయండి," అన్నాడు చిలక.

గవరయ్య ఏదీ బట్టీ పట్టలేదు. నాలుగు మాటలు కలిపి ముక్కుతో గట్టిగా అనేసేవాడు. కూర్మయ్య తాత ఒక్కో మాటా నమిలి నమిలి, తప్పు లేదని నమ్మకం కలిగాకే బయటపెట్టేవాడు. ముత్యాలు మాత్రం పగలల్లా గుడ్లకేసి చూస్తూ చెప్పుకునేది. గుడ్లు తిప్పేటప్పుడు సిల్ వూ ప్లే. తిప్పాక మెర్సి. గాలికి జమ్ము విడిపోయి చలి కొడితే ఫెర్మే లా పోర్త్ అని జమ్ముని దగ్గరికి లాక్కునేది. ఆ మాటకి అర్థం అప్పుడు తెలిసిందామెకి. మర్నాడు తాతకి వివరించింది కూడా. తాత మెడ ఓసారి లోపలికి లాక్కుని మళ్ళీ బయటపెట్టి, "అయితే నా డొప్పకి ఉన్నది కూడా పోర్తేనమ్మా," అన్నాడు.

పదిహేనో నాడు పరీక్ష. ఉడుము గారు రాతి మీద కూర్చున్నారు. ఫ్రెంచి రాకపోయినా దాని సంగతి కొంత వాకబు చేశారు: అది ముక్కుతో మాట్లాడే భాష, జంకకుండా మాట్లాడాలి.

పెద్ద బావమరిది వచ్చి నోరు తెరవకుండా ముక్కుతో "ఁ" అన్నాడు. మొదటి తరగతి. మిగతా ఆరుగురూ అదే అన్నారు. అదే తరగతి. గవరయ్య వచ్చి, "ముంజెకాయఁ, తాటిపండుఁ, తుమ్మజిగురుఁ" అని గడగడా అన్నాడు. విశేష ప్రతిభ.

కూర్మయ్య తాత, "ఊ... సోఁ..." అని ఆగి, తరవాతి మాట సరిచూసుకుని, "మే ల్యునెత్," అన్నాడు.

"తప్పారు."

"తప్పేంటి బాబూ?"

"మధ్యలో ఆలోచించారు. భాష వచ్చినవాడు ఆలోచించడు."

ముత్యాలు తనకి వచ్చినవన్నీ తడుముకోకుండా చెప్పింది. ఉడుము గారు ఆమె ముక్కు కేసి చూశారు. "పలుకు ముక్కులోంచి రాలేదు."

"నాకున్నదంతా ముక్కేనండీ," అంది ముత్యాలు.

ఆయన రాసేసుకున్నారు. ఆఖర్న పరాసు చిలక వంతు. అతను మాట్లాడినంతసేపూ ఉడుము గారు కనుబొమలు ముడిచే ఉన్నారు. "ఎక్కడ నేర్చుకున్నావో గాని, యాస తేడాగా ఉంది," అని అతన్నీ తప్పించారు.

పరీక్షయిన రెండోనాడు గుడ్లు పిగిలాయి. అయిదు నల్లటి పిల్లలు. పైగా కొంగలు రెండు మూడు రోజుల్లో దిగుతాయని కబురు. ముత్యాలు పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని కూర్చుంది. అంత దూరం ఈ కాళ్ళతో ఎలా నడుస్తాయి?

జమ్ము పక్కకి జరిగింది. కూర్మయ్య తాత. "నా వీపు మీద ఎక్కించమ్మా. అయిదుగురూ పడతారు. నేను ఎలాగూ తప్పానుగా, తోవ ఒకటే."

చిలక ముందు ఎగురుతూ దారి చూపించాడు. కొండ కింద ఎండుగడ్డీ రాళ్ళే ఉంటాయనుకున్నారు గాని, ఆ ఏడు వానలకి పల్లంలో నీళ్ళు చేరి చిన్న కుంటలా నిలిచాయి. బండల్లో ఉన్న బావమరుదులు ఎప్పుడూ కిందికి దిగి చూసిన పాపాన పోలేదు.

వీళ్ళు కుంట చేరేసరికే ఆకాశంలో కొంగల బారు కనిపించింది.

మడుగు ఒడ్డున అధ్యక్షుడు ఎలుగుబంటి దండ పుచ్చుకుని నిలబడ్డాడు. వెనక పాసైనవాళ్ళంతా వరసగా ఉన్నారు. స్వాగతం ఫ్రెంచిలోనే చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. ఏం చెప్పాలో ఉడుము గారికి తెలీదు. ముత్యాలు పరీక్షలో చెప్పినవాటిలో ఒకటి మాత్రం చెవికి గంభీరంగా వినిపించి గుర్తుండిపోయింది. దాన్నే రాసిచ్చారు.

కొంగలు కాళ్ళు చాచి దిగబోతుండగా ఎలుగుబంటి అడవి దద్దరిల్లేలా, "ఫెర్మే లా పోర్త్" అన్నాడు. వెనక నించి ఏడుగురు బావమరుదులూ అందుకున్నారు.

బారుకి పెద్దమ్మ అయిన ముసలి కొంగ వయసులో ఉండగా ఫ్రెంచి దేశంలో ఒక ఇంటి పొగగొట్టం మీద మూడు కాపురాలు చేసింది. చాచిన కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"తలుపు వెయ్యమంటున్నారు," అంది.

"ఎవరికి?" అంది పక్కనున్న పిల్లకొంగ.

"మనకే. పదండి."

బారంతా గాల్లోనే మళ్ళింది. ఒడ్డున అందరూ చప్పట్లు కొట్టారు. అది ఆ దేశపు మర్యాద కాబోలని ఉడుము గారు అధ్యక్షుడికి వివరించారు.

కొండ మీదుగా పోతున్న బారుని ముత్యాలు చూసింది. పాపం అలిసిపోయి రెక్కలు బరువుగా ఆడిస్తున్నారు. ఏం పిలవాలో ఆలోచించలేదు. "బోఁజూర్, కొమాఁ సా వా?" అని కేకేసింది.

పెద్దమ్మ చుట్టూ ఒక చుట్టు తిరిగి కుంటలో దిగింది. "సా వా, అమ్మాయ్. ఇక్కడ నీళ్ళు బాగున్నాయే," అంది, తెలుగులోనే.

చిలక అడిగాడు, "మీకు తెలుగు వచ్చా?"

"పద్దెనిమిదేళ్ళుగా వస్తున్నాం బాబూ, రాకుండా ఎలా ఉంటుంది? కిందటేడు వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్తే మీవాళ్ళు తలలు ఊపి ఊరుకున్నారు. మాకు యాస ఉందిలే." అని పక్కకి చూసి, "ఈ నల్లపిల్లలు నీవేనా? ఎంత ముద్దుగా ఉన్నారో," అంది.

ఆ ఏడు కొంగలు చలికాలమంతా కుంటలోనే ఉన్నాయి. అక్కడ మడుగు ఒడ్డున, పాముల్ని ఏరి తినే కొంగలు లేకపోయేసరికి అవి చేరాయి. ఏడుగురు బావమరుదులూ ఏడు బొరియలూ వాటికి అప్పజెప్పి మూటముల్లె సర్దుకుని కొండ కిందకి వచ్చి నిలబడ్డారు. తాతకి కొత్త కుర్రాళ్ళు రావడం సరదాగానే ఉంది, కూర్చోమన్నాడు. గవరయ్య అంతకుముందే వచ్చి కొమ్మ చూసుకున్నాడు.

సభ సంవత్సర నివేదికలో మాత్రం ఇలా రాశారు: అతిథులు అడవి సరిహద్దులోపలే దిగిరి. ఫ్రెంచి ఫలించెను. ఉడుము గారికి శాలువా కప్పారు.

పాసైనవాళ్ళు పట్టా అందిన రోజునుంచి ఫ్రెంచి ఊసెత్తలేదు. కుంట దగ్గర తప్పినవాళ్ళు మాత్రం రోజూ పొద్దున్నే కూర్చుంటున్నారు. పెద్దమ్మ చిలక యాస సరిదిద్దుతోంది. కళ్ళద్దాలు, చారు దాటి ఇప్పుడు వాన గురించీ పిల్లల గురించీ మాట్లాడుకుంటున్నారు. ముత్యాలు పెద్దకూతురు అప్పుడప్పుడూ తల్లికే తప్పులు దిద్దుతోంది.

నీతి: ఒక భాష బాగా రావాలంటే ముందు దాని పరీక్ష తప్పాలి.