ఇంజిన్ గదిలో పన్నెండో బొమ్మ

ఓడ అడుగున ఇంజిన్ గదిలో కార్మికుల మైనపు బొమ్మలను లెక్కపెట్టిన సూపరింటెండెంటుకు గుండె జారిపోయింది. జాబితాలో పదకొండు, ఎదురుగా పన్నెండు.

తగ్గి ఉంటే ఇంత బెంగ లేదు. పోయిన వస్తువుకు ఫారం ఉంది, ఎలుకలు కొరికాయని రాయడంలో ఆయనకు అనుభవమూ ఉంది. పెరిగిన వస్తువుకు మాత్రం ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఫారం అచ్చు వేయలేదు. పదకొండు గంటలకు డైరెక్టరుగారి తనిఖీ. లెక్క సరిపోతే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఐదేళ్లుగా తాత్కాలికంగా కూర్చున్న కుర్చీ కూడా పోతుంది.

ఆ ఓడ నలభై ఏళ్లు సముద్రాలు దాటి, రిటైరై, రేవులో గొలుసులతో కట్టించుకుని మ్యూజియంగా స్థిరపడింది. తిరిగినన్నాళ్లూ పట్టించుకోని ఊరు, కదలడం మానేశాక టికెట్టు కొని మరీ చూస్తోంది. డెక్కు మీది ఈతకొలనులో, ఎవరైనా మునుగుతారన్న ముందుచూపుతో, నీళ్లకు బదులు నీలం రంగు వేశారు. గైడ్ల ఎంపిక మరీ పకడ్బందీగా జరిగింది. ఒక్కరికీ ఓడలో పనిచేసిన అనుభవం లేదు కాబట్టి, సొంత కబుర్లతో సందర్శకుల ప్రాణం తీసేవారు లేరు.

"ఒకదాన్ని స్టోర్‌రూంలో పడేద్దాం సార్," అన్నాడు వాచ్‌మన్.

"ఏది పడేస్తావయ్యా? అదనంగా వచ్చింది ఏదో తెలియాలిగా."

"అన్నీ మన ఆఫీసు వాళ్లలాగే ఉన్నాయి సార్. ఉలకవు, పలకవు."

ఇంతలో డైరెక్టరుగారు ఒక శిల్పనిపుణుణ్ణి వెంటబెట్టుకుని దిగారు. "శ్రామికుణ్ణి గౌరవించని సమాజం ముందుకు సాగదు," అని బొమ్మలను ఉద్దేశించి పావుగంట ప్రసంగించారు. తర్వాత లెక్కపెట్టారు. పన్నెండు తేలేసరికి, నకిలీ ఏదో పట్టమని నిపుణుడికి చెప్పారు.

నిపుణుడు భూతద్దంతో అందరి ముఖాలూ పరీక్షించి, స్పానర్ పట్టుకున్న ముసలి బొమ్మ దగ్గర ఆగాడు.

"నకిలీ ఇదేనండీ. ముఖంలో శ్రమ కళే లేదు. పైగా చెవుల్లో వెంట్రుకలు. మరీ అతి చేశారు."

"కరిగించి కొవ్వొత్తులు చేయించండి," అని డైరెక్టరుగారు ఆదేశించారు.

వాచ్‌మన్ చంకల కింద చేతులు వేసి ఎత్తబోయాడు. బొమ్మ స్పానర్ కింద పెట్టింది.

సూపరింటెండెంటుకు ప్రాణం లేచొచ్చింది. మనిషైతే జాబితాలోకి రాడు. లెక్క సరిపోయింది.

"వదులు నాయనా, నేనే నడిచొస్తా," అన్నాడు ముసలాయన. "తప్పు నాదే సార్. ముప్పై ఏళ్లు ఈ ఇంజిన్ దగ్గరే పనిచేశా. గైడు ఉద్యోగం అడిగితే ఓడల గురించి అవగాహన లేదన్నారు. అందుకని నెల రోజుల నుంచి ఇలా నిలబడుతున్నా. నిన్న మావాడు పెళ్లాం పిల్లలతో వచ్చాడు. ఈ నూనె మసిలో నన్ను పోల్చుకోలేదు. నా భుజం మీద చెయ్యేసి, 'మీ తాత ఇట్లాగే కష్టపడి మమ్మల్ని పెంచాడురా' అని పిల్లలకి చెప్పి ఫొటో దిగాడు. సాయంత్రం ఇంటికెళితే, 'పొద్దస్తమానం ఎక్కడ తిరుగుతున్నావ్, పనీపాటా లేకుండా' అన్నాడు. మళ్లీ ఆదివారం వస్తారంట సార్. అందాకా ఉండనివ్వండి."