సంచుల ఓపీ

నారవాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ వేసవి నుంచి మనుషుల్ని చూడటం మానేసి, వాళ్ల సంచుల్ని చూస్తున్నారు. ఇందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. పొద్దున్న ఆరింటికే వరసలో సంచి పెట్టి, వెళ్లి గోడ నీడన కూర్చోవడం అక్కడి జనానికి ఎప్పట్నుంచో అలవాటే. నూటముప్పై మందిని పన్నెండులోపు చూడాల్సిన డాక్టరుగారు ఒకరోజు తలెత్తకుండా ముందున్న సంచికే స్టెతస్కోపు పెట్టారు. అది ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఆ రోజు ఆయన పదకొండున్నరకే భోజనానికి లేచారు.

పైవాళ్లకీ నచ్చి, ఉత్తర్వు వచ్చేసింది. చేతిసంచికి అర నిమిషం, గోనెసంచికి నిమిషం. మనసు బాగోలేని వాళ్లని కనిపెట్టడానికి పంపిన రెండు ప్రశ్నలూ సంచుల్నే అడుగుతున్నారు. దిగులుగా ఉంటోందా? దేనిమీదా ఆసక్తి ఉండట్లేదా? సంచి పలకకపోతే ‘లేదు’ అని రాయాలి. రెండు నెలల్లో మండలంలో దిగులన్నదే లేకుండా పోయింది. అందుకు వచ్చిన ప్రశంసాపత్రాన్ని ఫ్రేము కట్టించి ఇంజెక్షన్ల గదిలో తగిలించారు.

వీరవేణికి మూడు నెలలుగా కంటిమీద కునుకు లేదు. ఇంట్లో ఎవరూ పోలేదు, పంటా పోలేదు. కారణం చూపించలేకపోవడం ఆమెకి అన్నిటికన్నా సిగ్గు. ఒక సోమవారం, కొత్త పద్ధతి తెలియక సంచితోపాటు తనూ లోపలికి వచ్చేసింది.

“బయటుండమ్మా. నీ సంచినే పిలిచాం,” అంది నర్సు ఎస్తేరు.

“ఒక్క మాట వినండి సిస్టరుగారూ. నూతి దగ్గరికెళ్తే భయవేస్తందండి. నీళ్లంటే కాదు. నేనంటేనే.”

ఎస్తేరు మంచి మనిషి. సంచి మళ్లీ తెరిచి అడుగుదాకా వెతికింది. పాత చీటీలు, మజ్జిగ సీసా, ఖాళీ అయిన బిళ్లల అట్టలు ఉన్నాయి.

“ఇందులో అలాంటిదేం కనపడట్లేదమ్మా,” అంది, నిజంగానే బాధపడుతూ.

డాక్టరుగారు సంచిని ఒకసారి ఎత్తి దించి, “నీరసం,” అన్నారు. బలం బిళ్లలూ గ్యాసు బిళ్లలూ రాశారు. వీరవేణి ఇంకా కదలకపోయేసరికి ఆయనకి విసుగొచ్చింది. ఆ విసుగు కూడా సంచిమీదే చూపించారు. “ఇంకా ఏంటి? వెనకాల ఎంతమంది ఉన్నారో కనపడట్లా?” అని దాన్ని గదమాయించారు. వింటే ఒళ్లు మండుతుంది. కానీ ఎవరిమీద మండాలి? డాక్టరు ఒక్కరే, సంచులు నూటముప్పై.

రిజిస్టరులో సంచి పేరు పక్కన ‘చికిత్స పూర్తి’ అని రాసి, వీరవేణి చేత వేలిముద్ర వేయించుకున్నారు.

సాయంత్రం ఆమె మొగుడు సూరిబాబు పనినుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా అడిగాడు.

“ఏవన్నారే?”

“సంచికి నీరసవంటండి. నాకేం లేదంటండి.”

సూరిబాబు ‘హమ్మయ్య’ అనుకుంటూ అరుగుమీద కూర్చున్నాడు. పెళ్లానికి ఏమైపోతుందోనని అతనూ మూడు నెలలుగా సరిగ్గా తినట్లేదు. అంత పెద్ద డాక్టరు చెప్పాక ఇంక అనుమానం దేనికి?

“నే ముందే చెప్పానా, నీకేం లేదని! ఇంట్లో చుక్క నీళ్లు లేవు. పొద్దుండగానే నూతి దగ్గరికెళ్లిరా.”

వీరవేణి బిందె అందుకుంది.