ఆఖరి హుల్సెబ్రోక్

బుధవారం పొద్దున గెసీన వేసుకున్న పథకంలో ప్రమాదమేమీ లేదు. శనివారం కూతురు వీబ్కె పెళ్లి. ముందురోజు సాయంత్రం ఆచారం ప్రకారం ఊళ్లోవాళ్లు వచ్చి పెళ్లివారి గుమ్మం ముందు శుభమని పింగాణీ బద్దలు కొడతారు. దానికి పిలుపులుండవు. విన్నవాళ్లంతా వస్తారు, వచ్చినవాళ్లందరికీ పెట్టాలి. కాబట్టి పిండి, వెన్న, బాదం పలుకులు చూసుకుని, వెన్న కేకు ఎన్ని పళ్లేలు వేయాలో తేల్చుకోవాలి. ఇంతే పని. మిగతా పొద్దంతా ఆవిడ భయపడటానికి అట్టేపెట్టుకుంది. పింగాణీ పెంకు ఎవరి కంట్లోనైనా గుచ్చుకుంటే? పొయ్యి మీద కన్నేసి ఉంచకపోతే కొంప అంటుకుంటే? చర్చి మెట్ల మీద పెళ్లికొడుకు జారి నడుం విరగ్గొట్టుకుంటే?

అంతలో గుమ్మం దగ్గర కీచుమని చప్పుడైంది. పరుగున వెళ్లి చూస్తే కాబోయే అల్లుడు టోర్బెన్, స్క్రూడ్రైవర్ పట్టుకుని, కాలింగ్ బెల్ పక్కనున్న ఇత్తడి పేరుపలక ఊడదీస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబూ?"

"కొత్త పలకండీ. పైన మ్యుల్లర్, కింద హుల్సెబ్రోక్. మేం కూడా ఇక్కడే ఉంటాం కదా, పోస్టువాడు తికమకపడకూడదని."

గెసీన పాత పలకని అతని చేతిలోంచి తీసుకుని ఏప్రన్‌తో తుడిచింది. భర్త హార్మెన్ ప్రతి శనివారం దాన్ని తోమేవాడు. అతను పోయాక ఆ పని ఆవిడ చేస్తోంది, కానీ అతను తోమినట్టు మెరవదు.

"అమ్మా, మొదలుపెట్టకు" అంది వీబ్కె వెనకనుంచి. "పుట్టిన దగ్గర్నుంచీ ఫోన్లో ఈ పేరు ఒక్కో అక్షరం విడగొట్టి చెప్పుకుంటూ చచ్చాను. మ్యుల్లర్ అంటే ఎవరూ రెండోసారి అడగరు."

"అడగరు. ఎందుకంటే గుర్తుపెట్టుకోరు" అంది గెసీన.

ఆ మాటలో అబద్ధం లేదు. సంత రోజు బజార్లో నిలబడి 'మ్యుల్లర్' అని పిలిస్తే క్యాబేజీలు అమ్మేవాడూ, కొనేవాడూ, వాళ్ల మధ్య తగువు తీర్చే పోలీసూ ఒకేసారి తిరిగి చూస్తారు. హుల్సెబ్రోక్ అలా కాదు. ఇంటి వెనక ముళ్ల ఆకుల పొద ఒకటుంది, చలికాలంలో ఎర్రగా పళ్లు కాస్తుంది. దాని అవతల బురదనేల. ఆ రెంటినీ కలిపి ఎప్పుడో ఎవరో ఈ ఇంటికి పెట్టిన పేరది. ఇప్పుడు ఊళ్లో ఆ పేరుతో తల్లీ కూతురూ మిగిలారు. శనివారం తర్వాత తల్లి ఒక్కతే. ఆ తల్లి కూడా ఆ పేరుతో పుట్టింది కాదు.

ఆమె మొహం చూసి వీబ్కెకి జాలేసింది. ఫోను తీసి ఒక పటం చూపించింది. దేశంలో ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడెక్కడున్నారో చూపించే పటం. మ్యుల్లర్ అని కొడితే దేశమంతా తట్టు పోసిన బిడ్డలా ఎర్రబడిపోయింది. హుల్సెబ్రోక్ అని కొడితే తెల్లటి పటం మీద ఎవరో చెయ్యి కడుక్కుని విదిలించినట్టు నాలుగు చుక్కలు. ఒకటి ఈ ఊరు. ఒకటి ఎమ్డెన్ రేవు. ఒకటి బోహుమ్ బొగ్గుగనుల వైపు. మరొకటి ఎక్కడో కింద, పాసావులో.

"చూశావా? పేరేం పోదు. ఇంకా ఉన్నారు" అని వీబ్కె పనిలో పడిపోయింది.

గెసీన మాత్రం పడలేకపోయింది. ఆ చుక్కలు ఆమెకి చీకట్లో దీపం పెట్టిన కిటికీల్లా కనిపించాయి. ఆ కిటికీల వెనక హార్మెన్ తాలూకు మనుషులున్నారు. ఇంటి మీద మ్యుల్లర్ పలక ఎక్కేలోగా ఒక్క సాయంత్రం వాళ్లందర్నీ ఈ ముంగిట్లో చూసుకుంటే బాగుండు! ఫోను పుస్తకంలో నెంబర్లు వెతికింది. పిల్లలిద్దరూ బయటికి వెళ్లేదాకా ఆగి, ఎమ్డెన్‌కి కలిపింది.

ఆ దేశంలో ఎవరైనా ఫోనెత్తితే మొదట చెప్పేది తమ ఇంటిపేరే. ఆ సంగతి పుట్టిన దగ్గర్నుంచీ తెలిసి కూడా గెసీన దానికి సిద్ధపడి ఉండలేదు.

"హుల్సెబ్రో...క్!" అంది అవతలి గొంతు.

ముసలి గొంతు. చివర సాగదీసి, దూరాన మేస్తున్న ఆవుని ఇంటికి పిలిచినట్టు. హార్మెన్ సరిగ్గా ఇలాగే అనేవాడు. గెసీన కొట్టంలో పాలు పితుకుతూ, ఇంట్లో ఫోన్ దగ్గర్నుంచి ఆ ఒక్క మాట విని, ఇవాళ ఆయనకి ఆకలేస్తోందో, కోపంగా ఉన్నాడో, ఎవరో మంచి కబురు చెప్పారో గ్రహించేది. హార్మెన్ ఫొటోలు ఇంటినిండా ఉన్నాయి. గొంతే ఎక్కడా లేదు.

"ఇక్కడ... ఇక్కడ కూడా హుల్సెబ్రోకేనండీ" అని మొదలుపెట్టి గెసీన వెక్కిళ్లలో పడింది. "శుక్రవారం సాయంత్రం... మా ఇంటికి రండి. మా ఇంట్లో ఇంక ఈ పేరు... ఇదే ఆఖరు... వెన్న కేకు చేస్తున్నాను."

"అయ్యో తల్లీ" అన్నాడు ముసలాయన. "తప్పకుండా వస్తాం. ధైర్యంగా ఉండండి."

ఎంత మంచి మనిషి, అనుకుంది గెసీన. పెళ్లి పిలుపుకి ధైర్యం చెప్పేవాళ్లు ఎంతమందుంటారు! బోహుమ్‌కి కలిపింది. అక్కడా ఎత్తగానే అదే మాట, ఇక్కడా అవే వెక్కిళ్లు. పాసావుతో మాట్లాడేటప్పటికి ఆమెకి చిరునామా చెప్పడం కూడా కష్టమైంది. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని, ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నది.

ఆమెకి తోచని సంగతి ఒకటుంది. ఆ వైపు పల్లెల్లో వెన్న కేకు రెండే సందర్భాల్లో బల్ల మీదికొస్తుంది. ఒకటి పెళ్లి, రెండోది చావు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఏడుస్తూ ఫోన్ చేసి, ఆఖరు అని, వెన్న కేకు అంటే, వినేవాళ్లు ఏమనుకుంటారు? తప్పు ఆమెదీ కాదు, వాళ్లదీ కాదు. కేకుది.

ఆ పల్లెల్లో ప్రతి ఇంటికీ మొదటి పొరుగువాడని ఒకడుంటాడు. పెళ్లికి గుమ్మానికి ఆకుదండ కట్టేదీ అతనే, చావుకి చర్చి గంట కొట్టించి ఇల్లిల్లూ తిరిగి చెప్పేదీ అతనే. హుల్సెబ్రోక్ ఇంటికి ఆ పొరుగువాడు క్లెమెన్స్. శుక్రవారం మధ్యాహ్నం అతను నిచ్చెనెక్కి గుమ్మానికి దండ కడుతుండగా పూలకొట్టు బండి వచ్చి ఆగింది. నల్ల రిబ్బన్ కట్టిన పెద్ద పూలచక్రం ఒకటి అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. రిబ్బన్ మీద బంగారు అక్షరాలు: 'హుల్సెబ్రోక్‌కి ఆఖరి వీడ్కోలు. ఎమ్డెన్ నుంచి.'

క్లెమెన్స్ నిచ్చెన మీదే కూలబడ్డాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు హుల్సెబ్రోకులు. వీబ్కె జుట్టు చేయించుకోవడానికి సైకిల్ మీద పోవడం తను చూశాడు. అయితే...

"గెసీనా!" అని పిలిచాడు. జవాబు లేదు. వెన్న చాలక ఆవిడ పెరటి దారిన కొట్టుకి వెళ్లిందని అతనికేం తెలుసు? వంటింటి కిటికీలోంచి చూశాడు. బల్ల నిండా కేకు పళ్లేలు. క్లెమెన్స్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చావు కేకు తనే కాల్చుకుని పోయింది! ఎవరికీ బరువు కాకూడదనుకునే మనిషి. శవపేటికవాళ్లు అప్పుడే తీసుకుపోయి ఉంటారనుకున్నాడు. మొదటి పొరుగువాడైన తనకి ముందు చెప్పలేదని కాస్త నొచ్చుకున్నాడు కూడా. తర్వాత టోపీ చేతపట్టుకుని, దారిలో ఇల్లిల్లూ చెప్పుకుంటూ చర్చి వైపు నడిచాడు.

గంట మోగేసరికి గెసీన కొట్లో వెన్న ఎంచుతోంది. చావుగంట. పొద్దున సైకిల్ తీస్తున్న వీబ్కెతో తన నోటితో తనే అంది, "హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు పాడవుతుందా? తల పగిలితే బాగుంటుందా?" అని. వెన్న గుండెకి హత్తుకుని రోడ్డున పడి పరిగెత్తింది. ఎదురొచ్చిన పెద్దమనిషి మర్యాదగా టోపీ తీశాడు. ఆమె మొహం చూసి టోపీ కింద పడేశాడు. బేకరీ ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది. అవేవీ గెసీనకి కనబడలేదు. చిన్నప్పుడు మాగాణి గట్టు మీద నడవడానికి తన వేలు పట్టుకున్న పిల్ల ఒక్కటే కనబడుతోంది. పేరు ఏ గంగలో కలిస్తే నాకేం, పిల్ల ఉంటే చాలు, పిల్ల ఉంటే చాలు, అనుకుంటూ పరిగెత్తింది.

గేటు దగ్గర అటువైపునుంచి ఒక ఆకారం వచ్చి పడింది. సగం జుట్టుకి ఉంగరాలు, సగం జుట్టుకి క్లిప్పులు.

"బతికే ఉన్నావా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"నాకేమైందే?" అంది గెసీన.

"నువ్వు పోయావన్నారు! క్లెమెన్స్ మామ వచ్చి చెప్పాడు, జుట్టు చేసే అమ్మాయి కత్తెర పడేసింది!"

ఇద్దరూ కావలించుకుని భోరుమన్నారు. మధ్యలో వెన్న నలిగిపోయింది. అంతలో క్లెమెన్స్ వచ్చి, గెసీనని ఎగాదిగా చూశాడు.

"గెసీనా, ఇదేం పద్ధతి? నీకోసం గంట కొట్టించి వస్తున్నాను. సగం ఊరికి చెప్పేశాను. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని తిరగమంటావు?"

"నా మూలాన నీకెంత ఇబ్బంది వచ్చింది, క్షమించు క్లెమెన్స్" అంది గెసీన, అలవాటుకొద్దీ.

సాయంత్రానికి ముంగిలి నిండిపోయింది. క్లెమెన్స్ కబురు చేరిన ఇళ్లవాళ్లు నల్లబట్టల్లో తలలు వంచుకుని వచ్చారు. చేరని ఇళ్లవాళ్లు పగిలిన పళ్లేలూ, పూలకుండీలూ, తోపుడుబండి మీద ఒక పాత టాయిలెట్ బేసినూ తెచ్చారు. నల్లబట్టలవాళ్లలో ముందుచూపున్న కొందరు కోటు కింద ఒక సాసరు దాచుకొచ్చారు. పెళ్లికొడుకు తల్లి రోస్విత మ్యుల్లర్ తన వైపు చుట్టాలందరినీ వెంటేసుకుని దిగి, "పెళ్లా, తద్దినమా?" అని కొడుకుని నిలదీస్తోంది. టోర్బెన్ చీపురు పట్టుకుని పెంకులూడుస్తూ, "కనుక్కుని చెబుతానమ్మా" అంటున్నాడు.

అప్పుడు వచ్చాయి కార్లు. అన్నీ దూరపు నెంబర్లవి. నల్ల సూట్లు, నల్ల గౌన్లు, పూలచక్రాలు. అందరికంటే ముందు పొడుగాటి ముసలాయన ఒకడు పెంకుల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చి గెసీన చేతులు పట్టుకున్నాడు.

"నేను ఫోల్కర్ట్ హుల్సెబ్రోక్ని తల్లీ, ఎమ్డెన్ నుంచి. మీ దుఃఖంలో మేమూ ఉన్నాం. ఇంతకీ పోయిందెవరమ్మా?"

గెసీనకి అప్పటికి అంతా అర్థమైంది. సిగ్గుతో తలొంచుకుంది.

"పేరు" అంది.

"పేరా?"

"రేపు మా అమ్మాయి మ్యుల్లర్ అయిపోతుంది. ఈ ఇంట్లో ఇంక నేనే మిగులుతాను. మీరంతా ఆయన రక్తం. నేను బయటినుంచి వచ్చినదాన్ని. మీ అందర్నీ ఒక్కసారి ఈ గుమ్మంలో చూసుకుందామని... పెళ్లికే పిలిచానండీ. మీరు ఫోనెత్తి ఆ పేరు చెప్పగానే నాకు మాట రాలేదు."

"మా పేరు ఇస్తున్నాం కదా, అది చాలదా?" అంది రోస్విత.

ముసలాయన టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. మొహంలో నవ్వు దాచుకోవడం కష్టమైంది.

"రక్తమా? మా ముత్తాత ఈ ఇంట్లో పుట్టనే లేదమ్మా. ఈ ఇంటి విధవరాలిని చేసుకుని వచ్చాడు. ఇక్కడి పద్ధతి మీకు తెలియనిదా? ఈ ఇంట్లో కాపురానికి వచ్చినవాడు మగవాడైనా సరే, ఇంటిపేరే వాడి పేరు. ఆవిడ పోయాక పొలం మొదటి మొగుడి పిల్లలకి వదిలేసి, పేరొక్కటీ పట్టుకుని రేవుకి పోయి, అక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మాకూ మీవారికీ చుక్క రక్తం కలవదు."

"కానీ మీ గొంతు!" అంది గెసీన. "ఆయన అచ్చం అలాగే సాగదీసి..."

"ఇక్కడ నేర్చుకున్నదే అది! వంటింట్లోంచి అంటే కొట్టం దాకా వినపడాలని. మా ముత్తాత నుంచి తాతకి, తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు. మాకు ఆవులు కూడా లేవు."

"మా తాత కూడా చెప్పేవాడు" అన్నాడు క్లెమెన్స్. "ఆ పేరు మనుషులది కాదు, ఇంటిది అని."

అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. దగ్గర్లో ఉన్నది టోర్బెన్. చీపురు గోడకానించి లోపలికెళ్లాడు. తెరిచిన కిటికీలోంచి అతని గొంతు అందరికీ వినబడింది. "మ్యు..." అని ఆగింది. కాసేపటికి, "హుల్సెబ్రోక్" అంది.

"అలా కాదు నాయనా!" అని కిటికీ వైపు అరిచాడు ఫోల్కర్ట్. "చివర సాగదియ్యాలి!"

"హుల్సెబ్రో...క్!" అన్నాడు టోర్బెన్.

గెసీన కొట్టం గోడకి చేరబడి నిలబడింది. అది హార్మెన్ గొంతు కాదు. సన్నగా ఉంది, తడబడుతోంది, ఆకలో కోపమో ఇంకా అందులో ఏమీ తెలియడం లేదు. కానీ ఆ ఫోను దగ్గర్నుంచే వచ్చింది. అంత దూరమూ నడిచి కొట్టం దాకా వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని, ఫోను ఇంకోసారి మోగితే బాగుండుననుకుంది.

టోర్బెన్ తల బయటపెట్టాడు. "ఫాదర్ గారు. రేపు ఖననం ఎన్నింటికని అడుగుతున్నారు."

"ముందు పెళ్లి అని చెప్పు" అంది వీబ్కె. అతన్నే చూస్తోంది. "అంటే ఇప్పుడు నేను జీవితాంతం మళ్లీ ఒక్కో అక్షరం చెప్పుకోవాలా?"

"నేను చెబుతాలే" అన్నాడు టోర్బెన్. లోపలినుంచి పాత ఇత్తడి పలకా, స్క్రూడ్రైవరూ తెచ్చాడు.

పలక గోడకెక్కుతుండగా వెనకనుంచి పెద్ద ఏడుపు వినబడింది. రోస్విత మ్యుల్లర్ కుర్చీలో కూలబడింది. "ఒక్కగానొక్క కొడుకు! ఇంక మా పేరు నిలబెట్టేదెవరు? మాతోనే అంతరించిపోతుందే దేవుడా!"

ఆ ఏడుపు గెసీనకి బాగా తెలుసు. గబగబా వెన్న కేకు పెద్ద ముక్క కోసి పళ్లెంలో పెట్టి ఆవిడ దగ్గరికి పరిగెత్తింది. వెనకాలే క్లెమెన్స్, ఓదార్చడం కూడా మొదటి పొరుగువాడి పనే కాబట్టి, గొంతెత్తి అన్నాడు.

"మ్యుల్లర్ గారూ, ఊరుకోండి, ఏడవకండి!"

ముంగిట్లో సగం మంది తిరిగి చూశారు, తామెప్పుడు ఏడ్చామో తెలియక.