పాప్ గంటలో పాప

ఆ సోమవారం పొద్దున రికార్డు మావయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. రేడియో స్టేషనుకు వెళ్లి, పాప్ సంగీతం ఎలా పుట్టి ఎలా చెడిపోయిందో గంటసేపు చెప్పి, ఇంటికొచ్చి, తిట్టడానికి ఇంకేమైనా మిగిలిందేమో చూసుకోవడం. అయితే ఆ కార్యక్రమాన్ని ఎవరూ వినడం లేదనీ, ఇవాళ ఒక్క ఫోనైనా రాకపోతే ఆ గంటను వంటనూనె కంపెనీకి ఇచ్చేస్తాననీ మేనేజరమ్మ ముందే చెప్పేసింది.

"నా గంటని నూనెలో వేయించేస్తారట," అని ఆయన భార్య మీద మండిపడ్డాడు. ఆవిడ రికార్డు ప్లేయరు మీది దుమ్ము దులుపుతోంది. ఆ దులుపుడులో వేగం మార్చే మీట, పెద్ద రికార్డులు నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరిగే గుర్తు నుంచి చిన్న రికార్డుల నలభై అయిదుకు జరిగింది. ఇద్దరూ చూడలేదు.

ప్లేయరుతో పాటు ఆయన చంకలో పెట్టుకెళ్లింది పడుచుతనంలో తాను పాడిన పెద్ద రికార్డు. మొదటిదీ అదే, ఆఖరిదీ అదే.

మైకు దొరికేసరికి పూనకం వచ్చింది. చిన్న రికార్డు ఒక పక్కన మూడు నిమిషాలే పట్టేది కాబట్టి పాప్ పాట మూడు నిమిషాలకు సర్దుకుందన్నాడు. తర్వాత గిటారుకు కరెంటు పెట్టారు, అది అరవడం మొదలెట్టింది. డ్రమ్ముల దగ్గర మనిషిని లేపి మెషీనును కూర్చోబెట్టారు, దానికి తాళం తప్పదు, చెమటా పట్టదు. "ఇప్పుడేమో పాత పాటని మిక్సీలో వేసి రీమిక్స్ అంటున్నారు. వేగం పెంచి, గొంతు మార్చి... పాప్ కాదిది, పాపం. అసలైన పాట ఎలా ఉండేదో వినండి."

ముల్లు దించాడు. తన పాట తనకు కంఠతా వచ్చు కనుక హెడ్‌ఫోన్లు తీసేసి, అద్దాల తలుపు మూసి, నూనె సంగతి తేల్చుకోవడానికి మేనేజరమ్మ గదిలోకి దూసుకెళ్లాడు.

తేలకముందే ఫోన్లు మోగాయి. ఒక టాక్సీ డ్రైవరు, ఒక జిమ్ కోచ్, ఒక పళ్ల డాక్టరు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఆ పాడే అమ్మాయి ఎవరు? ఎగతాళి చేస్తున్నారనుకుని మావయ్య ఒక్కొక్కరికీ వరసగా గడ్డి పెట్టాడు. నాలుగో ఫోను ఇంటి నుంచి.

"మీ పాట వేస్తానని వెళ్లారు. ఆ పిల్లెవరండీ?"

"ఏ పిల్లే?"

"పొద్దున్నే నాచేత దుమ్ము దులిపించుకుంది దీనికోసమా?"

ఆయన స్టూడియోలోకి పరుగెత్తాడు. ఇల్లదిరిపోయే తన గొంతు అక్కడ కిలకిలా నవ్వుతూ పాడుతోంది. ఒళ్లు మండిపోయి మీటను వెనక్కి లాగాడు. అమ్మాయి జారి మావయ్యలో పడింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ జిమ్ కోచ్.

"ఏంటండీ ఈ అన్యాయం? చక్కగా పాడుతున్న పిల్లని ఆపి, ఆ ముసలాయనతో సాగదీయిస్తారా? అసలు పాటని ఉన్నదున్నట్టు ఉంచడం మీకు చేతకాదా?"

ఇన్నేళ్లుగా లోకం మీద మావయ్య విసురుతున్న మాటే అది, పొల్లుపోకుండా తిరిగొచ్చింది. ఫోను పెట్టేశాడు.

"గంట మీదే సార్," అంది మేనేజరమ్మ. "కానీ వారం వారం ఆ అమ్మాయే పాడాలి."

మావయ్య పళ్లు కొరుకుతూ, తన చేత్తోనే మీటను నలభై అయిదుకు తోశాడు.

ఆ అమ్మాయికి వచ్చే ఏడాది అరవై నిండుతాయి.