కుంటలో ఉన్నవారి హోదా

నీటికుంటలో బతికే ప్రాణులు సమాజమైతే ఆ కుంటను పూడ్చరాదనీ, ఉత్త గుంపైతే నిరభ్యంతరంగా పూడ్చుకోవచ్చుననీ ప్రభుత్వంవారు ఉత్తర్వు జారీ చేశారు. ఏది సమాజమో ఏది గుంపో తేల్చే భారం ముగ్గురు నిపుణుల సంఘం మీద పెట్టారు. ఏ పనైనా సొంతంగా చేసే దురలవాటు ప్రభుత్వంవారికి లేదు.

తొలి వ్యవహారం ఒక అపార్ట్‌మెంటు వెనకున్న కుంటది. దాన్ని పూడ్చి కార్లు నిలుపుకోవాలని నివాసుల చిరకాల వాంఛ. నిపుణుల్లో చిన్నావిడ, కప్పల మీద పరిశోధన చేసిన మనిషి, ఆ అపార్ట్‌మెంటులోనే కాపురముంటోంది. సొంతింటి వ్యవహారమైతే నిష్పక్షపాతంగా ఉంటుందని ఆమెనూ విచారణకు వేశారు. అందరూ ఆమెను కప్పల మేడమ్ అంటారు. కోపమొస్తే వాళ్ళాయన కూడా అదే అంటాడు.

"కారు వీధిలో ఎండకి మాడిపోతోంది. నువ్వేమో కప్పల్ని వెనకేసుకొస్తానంటావు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడాయన, విచారణ రోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"కుంటలో పెట్టుకోండి. చల్లగా ఉంటుంది" అందామె.

మీటింగు హాల్లో అసోసియేషన్ ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఆ కుంటలో ఎవరికెవరండీ? కొంగొచ్చి కప్పని తింటుంది. కప్ప పురుగుని తింటుంది. సమాజమన్నాక ఒకళ్ళనొకళ్ళు ఇలా పీక్కు తింటారా?"

తినరని సభ ముక్తకంఠంతో ఘోషించింది.

కప్పల మేడమ్ లేచింది. "తినడం కన్నా దగ్గర సంబంధం ఏముందండీ? కొంగ రాకపోతే కప్పలు పెరుగుతాయి. కప్పలు పోతే పురుగులు పెరుగుతాయి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. దాన్నే మేం సమాజమంటాం."

వెనక వరసలో ఆమె భర్త నేలచూపులు చూశాడు.

ఇంతలో పెద్ద నిపుణుడు అడ్డొచ్చి, సమాజమనరాదు, సముదాయమనాలి అన్నాడు. పక్షుల వరకైతే బృందమనాలనీ, ఒకే రకం తిండి తినేవాటిని పంక్తి అనాలనీ, దీని మీద తానో వ్యాసం రాశాననీ, పెద్దాయన దాన్ని చదవలేదనీ రెండో నిపుణుడు మనవి చేశాడు. చదివినందుకే ఇలా మాట్లాడుతున్నానన్నాడు పెద్దాయన. ఇద్దరూ కుర్చీలు వెనక్కి నెట్టి లేచారు. భోజనం చల్లారిపోతోందని కబురు రావడంతో శాస్త్రం రాజీకొచ్చింది. కుంటలోవి సమాజమూ కావు, గుంపూ కావు, "యాదృచ్ఛిక సహనివాసులు". ఉత్తర్వులో ఆ మాటే లేదు గనక వాటికి రక్షణా లేదు.

కప్పల మేడమ్ సంతకం పెట్టనంది. ఇద్దరు పెడితే చాలన్నారు. ఆమె చిత్తశుద్ధిని వేనోళ్ళ కొనియాడి, మట్టి లారీలకు కబురు పెట్టారు.

లారీలు వచ్చిన రోజు ఆమె బాల్కనీలోంచి కదల్లేదు. గోడవారగా గెంతుకుంటూ పోతున్న కప్పల్ని చూస్తుంటే అన్నం సయించలేదు. కారు నీడకి చేరబోతున్నా వాళ్ళాయనకెందుకో సంబరం కలగలేదు. వచ్చి ఆమె పక్కనే నిలబడ్డాడు.

వానలు మొదలయ్యాయి. కొత్త పార్కింగులో ఎక్కడికక్కడ నీళ్ళు నిలిచాయి. కొంగ లేదు, కప్ప లేదు, చేప లేదు. దోమలు మాత్రం ఏ ఉత్తర్వూ అడక్కుండా దిగి, అన్ని అంతస్తులకూ సమానంగా విస్తరించాయి. ఇళ్ళల్లో నిలవలేక జనం వరండాల్లోకి పరుగెత్తుకొచ్చారు.

"మీరెవరండీ?"

"మీ గోడ అవతలేనండీ. ఏళ్ళయింది."

అత్యవసర సమావేశం పెట్టారు. "ఇంతమందిమి ఒక్కచోట కూడటం ఇదే మొదలు!" అన్నాడు ప్రెసిడెంటు, మెడ గోక్కుంటూ గద్గదస్వరంతో. "మనం మనం ఒకటని దోమలు నిరూపించాయి! ఏం మేడమ్, మీ శాస్త్రం ప్రకారం ఇప్పుడు మమ్మల్నేమనాలి?"

కప్పల మేడమ్ హాలంతా ఒకసారి కలయజూసింది.

"మేత అనాలండి."

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. అవి ఆమె మాటకు కొట్టినవో, దోమలకు కొట్టినవో ప్రస్తుతం నిపుణుల సంఘం పరిశీలనలో ఉంది.