నలభై రోజుల గుడ్లు

ఉదయం పది గంటలకల్లా హైదరాబాదు హోటల్ ఆర్డరు తన చేతిలో పడుతుందని ఖైసర్‌కు గట్టి నమ్మకం. పడకపోతే చిట్యాల పక్కనున్న ఆ కోళ్ల ఫారం ఎత్తేయాల్సిందే.

పథకం సులువు. అవిసె గింజలు మేసిన కోడి గుడ్డు బలమే. కానీ నిలవుంటే లోపలి కొవ్వు చెడి చేపల కంపు కొడుతుంది. దాణాలో విటమిన్ ఇ కలిపితే ఆ బాధ లేదు. అందుకే ఒక షెడ్డు కోళ్లకే విటమిన్ పెట్టి, రెండు షెడ్ల గుడ్లను నలభై రోజులు దాచాడు. విటమిన్ గుడ్లకు పచ్చ చుక్క, మిగతావాటికి నల్ల చుక్క. హోటల్ మేనేజర్ శివకృష్ణ వచ్చి రెండూ రుచి చూడటమే తరువాయి.

"అమ్మీ, గుడ్లు ఉడికినయా?"

"ఎప్పుడో! పెంకు గూడ తీసిన," అంటూ హుస్సేన్ బీ రెండు పళ్లాలు చూపించింది. "మెహమాన్ ముందట చుక్కల గుడ్లు పెడ్తరా బేటా? చింతపండుతోని రుద్ది కడిగినంక ఉడకబెట్టిన."

"ఏ పళ్లెంల ఏవున్నయి?"

"గుడ్లున్నయి!"

ఖైసర్ వాసన చూశాడు. నాలుగు రోజుల పడిశం. ముక్కు పనిచేయలేదు.

"నువ్వన్న చూడమ్మీ!"

"వచ్చేటోళ్లకు మంచిగుంటదని ఊదు పొగ ఏసిన. నాకు గదే వాసనొస్తాంది."

బయట కారు హారన్ మోగింది.

శివకృష్ణ కూర్చోగానే ఖైసర్ తొణక్కుండా దగ్గరున్న పళ్లెం ముందుకు జరిపాడు. "గిది విటమిన్ గుడ్డు సార్. కండ్లు మూసుకొని తినుండ్రి."

ఆయన చెయ్యి చాచేలోగా కిటికీలోంచి పిల్లి దూకింది. ఆ పళ్లెంలోంచి ఒక గుడ్డు లాక్కుని మంచం కింద మింగేసి, రెండోదాని కోసం తిరిగొచ్చింది. పక్క పళ్లెం ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"హట్! చేపలు వండితే తప్ప మా గడప తొక్కవు. గియ్యాల ఏమైందే నీకు?" హుస్సేన్ బీ చీపురెత్తింది.

ఖైసర్ కళ్లకు ఖాళీ షెడ్లు కనిపించాయి. శివకృష్ణ పక్క పళ్లెంలోని గుడ్డు కొరికాడు. నెమ్మదిగా నమిలాడు. మొత్తం తినేశాడు.

"ఖైసర్ భాయ్, ఏ పళ్లెం ఏదో మీకే తెల్వదు కదా?"

"తెల్వదు సార్."

"నిన్న ఇంకో ఫారపోళ్లు గూడ గిట్లనే పెట్టిండ్రు. రెండు పళ్లాలల్ల తాజా గుడ్లే! మీ పిల్లికి అబద్ధం రాదు. సోమవారం నుంచి పంపుండ్రి."

అప్పటినుంచి ప్రతి లోడుకూ ముందు పిల్లిని పిలుస్తారు. అది మొహం తిప్పుకుంటేనే లారీ కదులుతుంది.